నలభై ఆరు కాదు, ముప్పై మూడు

మా ఆవిడ నాలుగు కోట్ల మంది సైనికులను ఒక్కొక్కరి ముఖం చూసి మరీ లెక్కపెట్టింది. ఏ సేనాపతీ అంత పని చేయలేదు, చేస్తానని బీరాలు కూడా పలకలేదు.

కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, సగమైనా ఒప్పుకునేదాకా లేవనిచ్చేవారు కాదు. అందుకని సగం ఒప్పుకుంటాను. ఆ నాలుగు కోట్లు నేను వేసిన లెక్క: రోజుకు నలభై గాజుపలకలు, పలకకు వంద మంది, ఏడాదికి మూడు వందల రోజులు, మొత్తం ముప్పై నాలుగేళ్ళు. కొన్ని రోజులు పలకలు ఇరవయ్యే వచ్చి ఉండొచ్చు. పైగా వాళ్ళు సైనికులు కారు. మన రక్తంలో తిరిగే తెల్లకణాలు. కానీ ముఖాలు చూసే లెక్కపెట్టిందన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

ఆవిడ ఆసుపత్రిలో రక్తపరీక్షల టెక్నీషియను. ఒక రక్తపు చుక్కను గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క తోపు తోస్తుంది. చుక్క నాలుకలా సాగుతుంది. మొదట్లో మందంగా, చివరికొచ్చేసరికి ఈకలా పల్చగా. ఆరాక రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడుతుంది. ఎర్రకణాల జనసమ్మర్దంలో అక్కడొకటి, ఇక్కడొకటి ఊదారంగు బొట్టు పెట్టుకున్న తెల్లకణం కనిపిస్తుంది. వాటిలో రకాలున్నాయి. ఒక్కో రకానికి లెక్కమిషను మీద ఒక్కో మీట. కన్ను లెన్సులో, వేలు మీట మీద. టిక్కు, టిక్కు, టిక్కు. వంద పూర్తికాగానే గంట మోగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ నిద్రలో కూడా నా భుజం మీద టిక్కుటిక్కుమని నొక్కేది. వందోసారి గంట మోగించాల్సిన బాధ్యత నాదే.

"మీ సైనికులెలా ఉన్నారు?" అని సాయంత్రం అడిగితే ఆవిడకు ఒళ్ళు మండేది.

"సైనికులేంటండీ? వాళ్ళకు యుద్ధాల మోజేం లేదు. ఇంట్లో పనిమనుషుల్లాంటి వాళ్ళు. తెల్లారేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలి, అంతే వాళ్ళ గోల."

ఆవిడ చెప్పిన ప్రకారం మన ఒంటికి చర్మమే మొదటి గోడ. ముక్కులో చీమిడి, కంట్లో నీళ్ళు, పొట్టలో ఆమ్లం గుమ్మాల దగ్గర కాపలా. వాటిని దాటి ఏ సూక్ష్మజీవైనా లోపలికి దూరితే అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చేది న్యూట్రోఫిల్ అనే తెల్లకణం. దొరికిన క్రిమిని దొరికినట్టు మింగేసి, ఆ పనిలోనే ప్రాణం వదిలేస్తుంది. పుండులో చీము అని మనం మొహం తిప్పుకునేది చాలావరకు ఈ మహానుభావుల మృతదేహాలే. ఆ సంగతి తెలిశాక నేను మొటిమను గిల్లినప్పుడల్లా ఒక క్షణం మౌనం పాటిస్తున్నాను.

ఇక టైలరు మాస్టారి సంగతి.

ఆసుపత్రి వెనక వీధిలో ఆయన దుకాణం. డాక్టర్లకు, నర్సులకు, మా ఆవిడలాంటి వాళ్ళకు తెల్లకోట్లన్నీ ఆయనే కుట్టేవాడు. పదకొండేళ్ళ కిందట మా ఆవిడకు కుట్టిన కోటు కుడిచెయ్యి రెండు వేళ్ళు పొడుగొచ్చింది. సరిచెయ్యమని తీసుకెళితే ఆయన టేపు పెట్టి కొలిచి, కళ్ళజోడు పైకెత్తి, "కోటు సరిగ్గానే ఉందమ్మా, మీ చెయ్యే రెండు వేళ్ళు పొట్టి" అన్నాడు. అంతే. ఆవిడ ఆ కోటు లాక్కుని వచ్చేసింది. పదకొండేళ్ళు ఆ చేతిని మడతపెట్టుకుని తిరిగిందే తప్ప ఇంకొకరిచేత కూడా సరిచేయించుకోలేదు. సరిచేయిస్తే సాక్ష్యం పోతుందట. ఆయన ఎదురుపడితే ఈవిడ ఇటు పక్క నుంచి అటు పక్కకు, ఈవిడ కనిపిస్తే ఆయన అటు నుంచి ఇటుకు. ఒక్కోసారి ఇద్దరూ ఒకేసారి వీధి దాటి మళ్ళీ ఎదురుపడేవాళ్ళు.

అలాంటి మనిషి జబ్బుపడ్డాడు. మామూలు జబ్బు కాదు. రక్తకణాలు తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. ఆ కార్ఖానాలో చెడ్డకణాలు పుట్టి, పని జరగనివ్వకుండా చోటంతా ఆక్రమించాయి. వాటిని తుడిచిపెట్టడానికి గట్టి మందు ఇచ్చారు. ఆ మందుకు మంచీ చెడూ తెలియదు. చెడ్డవాటితో పాటు మంచి కణాలనూ ఊడ్చేసింది. కొత్తవి పుట్టుకొచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు, మనిషికి కాపలా లేనట్టే. పక్కవాడి తుమ్ము చాలు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆయన్ను నాలుగో అంతస్తులో అద్దాల గదిలో ఉంచారు. ఇంటివాళ్ళు అద్దానికి ఇవతల నిలబడి ఫోనులో మాట్లాడాలి. ఆవగింజంత రక్తంలో న్యూట్రోఫిళ్ళు ఐదు వందలు దాటితేనే తలుపు తెరుస్తామని డాక్టరమ్మ చెప్పింది.

ఆ లెక్క ప్రతి ఉదయం వేసేది మా ఆవిడ. పెద్ద మిషను మొత్తం తెల్లకణాలు ఎన్నో చెబుతుంది. కానీ కణాలు మరీ తక్కువైనప్పుడు రకాలు పోల్చడం దానికి చేతకాదు. మనిషి కన్నే కావాలి. మొదటివారం నూట పది, తొంభై, నూట నలభై. మాస్టారు ఆ అంకెలను దూది డబ్బా మీద రాసుకునేవాడు.

ఒకరోజు నర్సమ్మను అడిగాడట. "అమ్మాయ్, నా లెక్క వేస్తున్నదెవరు?"

"కింద ల్యాబు మేడమండీ."

"ఏ మేడం?"

"అదే, కోటు చెయ్యి మడతపెట్టుకుంటారే, ఆవిడ."

మాస్టారు మంచం మీద వెల్లకిలా పడిపోయాడు. "అయిపోయాను! ఇంకెక్కడి ఐదు వందలు? ఆవిడ నన్నిక్కడే ముసలివాణ్ణి చేస్తుంది. తగ్గించి రాస్తోంది, రాసిపెట్టుకో!"

డాక్టరమ్మ ఈ మాట నవ్వుతూ వచ్చి మా ఆవిడకు చెప్పింది. మా ఆవిడ నవ్వలేదు. మీటల మిషను పక్కన పెట్టి తిన్నగా నాలుగో అంతస్తుకు ఎక్కి అద్దం ముందు నిలబడింది. పదకొండేళ్ళ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ఏమండీ మాస్టారూ, నేను తగ్గించి రాస్తున్నానంట?"

"నేనా? అన్నానా? సరే, అన్నాననుకో చెల్లెమ్మా. మనిషన్నాక అనుమానం ఉంటుంది."

"మీ కణాలతో నాకేం తగాదా? తగాదా మీతోనే."

"నేనూ అదే అంటున్నా. అవి నావే కదా!"

ఈవిడకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఈ కణాలు కాస్త తక్కువైతే ఏమవుతుందమ్మా? అరవై ఏళ్ళు బతికాను. జలుబులు, జ్వరాలు ఎన్ని చూళ్ళేదు? ఒంటికి అవన్నీ గుర్తుంటాయంటారుగా?"

"గుర్తుంటాయి. గుర్తుపెట్టుకునేది లింఫోసైట్లని వేరే కణాలు. కొత్త రోగం వచ్చిందనుకోండి, దాని ఆకారం చూసి, దానికి సరిగ్గా అతుక్కునే ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. దానికి వారం పది రోజులు పడుతుంది. అదే రోగం మళ్ళీ వస్తే..."

"ఆగాగు. అది నా కొలతల పుస్తకం!" మాస్టారు లేచి కూర్చున్నాడు. "కొత్తవాడొస్తే కొలవాలి, కత్తిరించాలి, కుట్టాలి. వారం. పాతవాడొస్తే పుస్తకం తీసి చూస్తాను, మర్నాటికి చొక్కా సిద్ధం."

"అంతే. టీకా వేస్తారు చూడండి, అది మనిషి రాకముందే కొలతలు పంపించడం."

"మరింకేం? నా పుస్తకం నా దగ్గరుందిగా. తలుపు తియ్యమను."

"పుస్తకముంది మాస్టారూ. కుట్టేవాళ్ళు సగం మంది లేరు. గుమ్మంలో నిలబడి దొంగను పట్టుకునేవాళ్ళయితే అసలే లేరు. తలుపు బార్లా తెరిచున్న దుకాణం మీది."

ఆయన దూది డబ్బా మీది అంకెల వైపు చూశాడు. తర్వాత, "అయితే నిజమే రాస్తున్నావంటావ్" అన్నాడు.

"నిజమే రాస్తున్నాను."

"చూద్దాం" అన్నాడు.

ఆ చూద్దాం మా ఆవిడను ముల్లులా గుచ్చింది. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని, "నన్ను పట్టుకుని తగ్గించి రాస్తానంటాడా!" అని మూడుసార్లు అంది. మూడోసారి నా వైపు చూసి అంది, అన్నది నేనే అన్నట్టు.

నాలుగు రోజుల తర్వాత మిషను మొత్తం తెల్లకణాలు పన్నెండు వందలని చూపించింది. మందు ఎక్కించాక ఎప్పుడూ లేనంత ఎక్కువ. ఆవిడ స్లైడు పెట్టుకుని కూర్చుంది. గంటంపావుకు గంట మోగింది. వందలో నలభై ఆరు న్యూట్రోఫిళ్ళు. ఆ లెక్కన పన్నెండు వందల్లో ఐదు వందల యాభై రెండు. కాగితం మీద సంతకం పెట్టి పైకి పంపింది. సాయంత్రం నాలుగింటికి మాస్టారు బయటికి రావచ్చని డాక్టరమ్మ రాసింది. మాస్టారు వెంటనే ఇంటికి ఫోను చేసి తన చొక్కా తెమ్మన్నాడు. అల్లుడు కుట్టింది కాదు, తను కుట్టుకున్నది.

మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకెళ్ళేసరికి మా ఆవిడ హుషారుగా ఉంది. వరండాలో బల్ల మీద కూర్చుని మామూలుకంటే నాలుగు ముద్దలు ఎక్కువే తింది.

"ఇవాళ వంద పూర్తవడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? గంటంపావు!"

"ఏం, కునికిపాట్లు పడ్డావా?"

"కణాలుంటే కదా! మధ్యంతా ఖాళీ." తడివేలితో బల్ల మీద ఆ రక్తపు నాలుక బొమ్మ గీసింది. "ఇక్కడ వెతికాను, ఇక్కడ వెతికాను. అరవై దగ్గర ఆగిపోయింది. ఇక ఇలా అంచు వెంబడి పోయి మిగతావి ఏరు..."

వేలు అక్కడే ఆగింది. ముద్ద నోటి దాకా వెళ్ళి కిందికి దిగింది.

"ఏమైంది?"

"అంచుకు పోకూడదండీ."

చుక్కను పలక మీద తోసినప్పుడు పెద్దకణాలు కొసకీ అంచులకీ కొట్టుకుపోతాయి, చిన్నవి మధ్యలో నిలుస్తాయి. బస్సు సడన్‌గా ఆగితే నాలాంటి భారీ మనుషులు ముందు సీటు మీద పడ్డట్టు. న్యూట్రోఫిళ్ళు పెద్దవి. అంచున లెక్కపెడితే అవే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే నడిమి పల్చటి భాగంలోనే పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ లెక్కపెట్టాలి. కణాలు చాలకపోతే ఇంకో పలక చేసుకోవాలి. ఇది మొదటిరోజు పాఠం. పాతికమందికి పైగా కొత్తవాళ్ళకు ఆవిడే నేర్పింది. అంచుకు పోయినవాళ్ళ వేళ్ళ మీద పెన్సిలుతో కొట్టింది కూడా.

"మరీ అంత తేడా వస్తుందా?" అన్నాను.

"రావచ్చు. రాకపోవచ్చు."

"రేపటికి ఎలాగూ పెరుగుతాయి కదా. ఆయన చొక్కా కూడా తెప్పించుకున్నాడు. ఇప్పుడెళ్ళి కాదంటే కక్ష తీర్చుకుందంటాడు."

ఆవిడ నన్నొక చూపు చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ చూపు నేను రెండుసార్లే చూశాను. ఇంకోసారి ఎప్పుడన్నది ఇక్కడ అప్రస్తుతం.

"రేపు పెరుగుతాయేమో. ఇవాళ లేవు" అని క్యారియరు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

అదే రక్తంతో మూడు కొత్త పలకలు చేసింది. నడిమి భాగమే చూసింది. మూడూ కలిపితే గానీ వంద పూర్తికాలేదు. గంట మోగింది. ముప్పై మూడు. పక్కన పనిచేసేవాణ్ణి పిలిచి, తన అంకె చెప్పకుండా అతనిచేతా లెక్కపెట్టించింది. ముప్పై నాలుగు. ఎలా చూసినా నాలుగు వందలకు కాస్త అటూ ఇటూ. గడియారం నాలుగుకు పది నిమిషాలు చూపిస్తోంది. లిఫ్టు ఎక్కడో మంచంతో ఇరుక్కుపోయి ఉంది. ఆవిడ మెట్లెక్కింది. ఆమె వెనక నేను, నా వెనక క్యారియరు చప్పుడు.

పైన తలుపు మీది హెచ్చరిక కార్డు అప్పటికే తీసేశారు. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో లోపల నిలబడి ఉన్నాడు. ఇవతల ఆయన కూతురు, ఆమె చంకలో నాలుగేళ్ళ మనవరాలు. ఆ పిల్ల ముక్కు రెండు వైపులా ధారగా కారుతోంది. తాతయ్య చంకలోకి దూకడానికి రెండు చేతులూ చాపి ఉంది. నర్సమ్మ చెయ్యి తలుపు గడియ మీద.

"తియ్యకు!" అని మా ఆవిడ అరిచింది.

అందరూ ఇటు తిరిగారు. ఆవిడకు ఆయాసంతో మాట రావడం లేదు. ఫోను అందుకుని, అద్దంలోంచి ఆయన్ను చూస్తూ చెప్పింది. "మాస్టారూ, పొద్దున లెక్క తప్పు. నలభై ఆరు కాదు, ముప్పై మూడు. ఐదు వందలు దాటలేదు."

ముందు కూతురికి కోపమొచ్చింది. "ఇదేం చోద్యమండీ! పొద్దున ఒకటి, ఇప్పుడొకటి. ఏది నమ్మాలి?"

"ఇప్పటిది."

మాస్టారు అద్దం దగ్గరికి వచ్చాడు. "చూశారా! చూశారా! నేను ముందే చెప్పాను. పదకొండేళ్ళు కడుపులో పెట్టుకుని, సరిగ్గా నేను చొక్కా తొడుక్కున్నాక కక్ష తీర్చుకుంది."

"తప్పు నాదే మాస్టారూ. అంచు మీద లెక్కపెట్టాను."

"ఏ అంచు మీద?"

"పలక అంచు. మీరు బట్ట అంచు కలుపుకుని కత్తిరిస్తారా?"

"ఏ పనికిమాలినవాడు కత్తిరిస్తాడు? అంచు నేత వేరు, నడుమ నేత వేరు. ఉతికితే అది ఒక పక్కకు, ఇది ఒక పక్కకు..." ఆయన ఆగాడు. కళ్ళజోడు పైకెత్తాడు. "అలాగా?"

"అలాగే."

"ముప్పై నాలుగేళ్ళ పనిమంతురాలివి! అంచు మీదా!"

"మీరు తగ్గించి రాస్తోందన్నారు కదా. ఎక్కువ రావాలని నాకే ఆశ పుట్టింది. చెయ్యి అటే పోయింది."

మాస్టారు ఆవిడను తిట్టడం మొదలుపెట్టాడు. దుకాణంలో పనివాళ్ళను తిట్టినట్టే తిట్టాడు. చేసే పని మీద ధ్యాస ఉండాలన్నాడు, ఎవడో ఏదో అన్నాడని కత్తెర వంకరపోతే ఎలా అన్నాడు. తిడుతూనే చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడతపెట్టి, ఆసుపత్రి చొక్కా తగిలించుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నమ్మాడని. మనవరాలు ఏడుపు లంకించుకుంది. ఆయన అద్దానికి అరచెయ్యి ఆనించాడు, ఆ పిల్ల ముక్కు ఆనించింది.

మా ఆవిడ వెళ్ళిపోబోతూ మళ్ళీ ఫోను తీసింది. ల్యాబువాళ్ళు ఇలాంటివి రోగికి చెప్పకూడదు. అయినా చెప్పింది. "ఒక మాట. ఇవాళ మీ రక్తంలో మోనోసైట్లు బాగా కనిపించాయి. పెద్ద పెద్ద కణాలు, చచ్చినవాటినీ చెత్తనూ మింగి శుభ్రం చేస్తాయి. మూలుగ నిద్రలేచాక ముందొచ్చేది వాళ్ళే. వెనకాలే మిగతావాళ్ళు."

"ఎన్నాళ్ళకు?"

"రెండు మూడు రోజులు. కాస్త అటూ ఇటూ."

"డెలివరీ తేదీ ఏ టైలరూ సరిగ్గా చెప్పడు" అన్నాడు మాస్టారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయనకు జ్వరం నూటరెండుకు ఎక్కింది. గదిలోనే ఉన్నాడు కాబట్టి గంటలోపే మందు ఎక్కించారు. ఇంట్లో ఉండి ఉంటే వేడినీళ్ళు తాగి పడుకునేవాడేనని తర్వాత ఆయనే చెప్పాడు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ ఉదయం మా ఆవిడ నాలుగు పలకలు చేసింది. ఒక్కదాన్లోనూ అంచుకు పోలేదు. ఆరు వందల నలభై. మర్నాడు పదకొండు వందలు. సంతకం పెట్టేముందు ఇద్దరిచేత సరిచూపించింది. ఈసారి తలుపు తీసేటప్పుడు తను పైకి వెళ్ళలేదు. పని ఉందంది.

ఆవిడ పనిచేసే గది సగం నేలలో దిగబడి ఉంటుంది. గోడ పైభాగాన చిన్న కిటికీ. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ పాదాలు తప్ప ఏమీ కనిపించవు. ఆ రోజు ఆ కిటికీలో ఒక జత పాత బూట్లు వచ్చి ఆగాయి. పక్కనే చిన్న చెప్పులు రెండు. తర్వాత మాస్టారి ముఖం తలకిందులుగా దిగింది.

"చెల్లెమ్మా! వస్తా."

"వంగకండి, కళ్ళు తిరుగుతాయి!"

"ఇంకెన్నాళ్ళు లెక్క వేయించుకోవాలి?"

"నెలకోసారి రండి."

"నీ దగ్గరే వేయించుకుంటా. ఇంకెవడైనా అయితే తప్పు చేసి ఒప్పుకోడు." ముఖం పైకి పోయింది. బూట్లు రెండూ నెమ్మదిగా కదిలాయి. వాటి చుట్టూ చిన్న చెప్పులు గెంతుకుంటూ వెళ్ళాయి.

ఆవిడ మళ్ళీ లెన్సులో కన్ను పెట్టింది. టిక్కు, టిక్కు. ఆ మధ్యాహ్నం నేను తీసుకెళ్ళిన క్యారియరు ఖాళీ చేసి, నా వాటా కూడా తింది.

ఇదంతా రాసి, అచ్చుకు పంపే ముందు ఆవిడకే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి వరుస కింద వేలు జరుపుతూ, రెండుసార్లు చదివింది. కాగితాలు సర్ది, బల్ల మీద పెట్టింది.

"నేనెప్పుడూ అంచు మీద లెక్కపెట్టలేదు" అంది. "నలభై ఆరు లేదు, ముప్పై మూడు లేదు. ఆ రోజు నాకు సెలవు. ఆ మాస్టారెవరో నాకు తెలీనే తెలీదు. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు."